కరెంటు రొద మీదా ఫిర్యాదు తీసుకోవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హైదరాబాద్ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం అక్కడి క్షేమ సమాచారాలను బయటికి చేరవేసింది. 2014లో హుద్‌హుద్‌ దెబ్బకు విశాఖలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున రెండు మూడు వందల కిలోమీటర్ల దూరం మాట చేరాలంటే, లైసెన్సుతో అభిరుచిగా రేడియో నడిపే హామ్‌లకు 40, 80 మీటర్ల తరంగాల బ్యాండ్లే ఆధారం. ఆ బ్యాండ్లలో ఇప్పుడు సాయంత్రమైతే కరెంటు పరికరాలు, తీగల నుంచి పుట్టే గరగర తప్ప ఏమీ వినపడటం లేదు.

తుఫానులో కరెంటే ఉండదు కదా అనవచ్చు. దెబ్బతిన్న ఊళ్లో ఉండదు. ఆ కబురు అందుకోవాల్సిన ఊళ్లో మాత్రం నాసిరకం ఎల్‌ఈడీ డ్రైవర్లు (దీపానికి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్లు), చార్జర్లు, ఇన్వర్టర్లు నడుస్తూనే ఉంటాయి.

యాంటెన్నా మార్చుకోండి అని సలహా ఇస్తుంటారు. మార్చుకున్నాం. కాస్త దూరంలో పుట్టిన రొద నేల వెంబడే వస్తుంది. ఆ తరంగంలో అడ్డంగా కంపించే భాగాన్ని నేల చాలావరకు తినేస్తుంది, నిలువు భాగం మిగిలి వస్తుంది. అందుకే నిలువు యాంటెన్నా ఆ రొదను ఎక్కువగా పడుతుంది. పైన ఆకాశంలో రేడియో తరంగాలను వెనక్కి పంపే అయనావరణాన్ని తాకి దిగే మాటకు ఈ అడ్డం, నిలువు పట్టింపు లేదు. కాబట్టి అడ్డంగా కట్టిన డైపోల్ (రెండు తీగల యాంటెన్నా) మేలు. అయితే 40 మీటర్లకు సుమారు 20 మీటర్ల తీగ కావాలి, 80కి దానికి రెట్టింపు. అపార్ట్‌మెంట్ డాబా మీద అంత జాగా ఎక్కడిది? పైగా రొద మన భవనం వైరింగులోనే పుడుతుంటే తీగ ఎలా కట్టినా పెద్దగా లాభం లేదు.

మా వీధి 11 కేవీ స్తంభం సంగతే చూడండి. బ్యాటరీ ట్రాన్సిస్టర్‌ను మీడియం వేవ్‌లో పెట్టుకుని నడిస్తే, ఆ స్తంభం దగ్గరికి వచ్చేసరికి బుర్రుమనే శబ్దం మిగతావన్నీ మింగేస్తుంది. గట్టి వాన పడితే ఆగిపోతుంది, ఆరగానే మళ్లీ మొదలు. వదులైన బిగింపుల దగ్గర నిప్పురవ్వలు లేస్తున్నాయనడానికి ఇదే గుర్తు. విద్యుత్ సిబ్బందికి చెబితే, "కరెంటు వస్తోంది కదండీ" అన్నారు. ఆ రవ్వ రేపు తీగ తెగడానికీ దారితీయవచ్చు. ఇది హామ్‌ల గొడవ మాత్రమే కాదు.

విద్యుత్ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912కు వచ్చే ఫిర్యాదుల్లో రేడియో రొదకూ ఒక పద్దు పెట్టాలి. లైన్‌మన్ తనిఖీకి పొడి వాతావరణంలోనే వెళ్లాలి. వీధి దీపాల టెండర్లలో, దీపాల రేడియో రొదకు హద్దులు పెట్టే అంతర్జాతీయ ప్రమాణమైన సీఐఎస్‌పీఆర్ 15 పరీక్ష నివేదిక అడగాలి, సరుకు దిగాక ఒకటి రెండు దీపాలు తీసి మళ్లీ పరీక్షించాలి.

ఇట్లు,
ఒక హామ్ ఆపరేటర్, కాకినాడ