భూగర్భ జల వినియోగదారుల సంఘం: వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేపట్టిన పనుల్లో ఎక్కువ భాగం వాగుకు ఆవలి గట్టున ఉన్న పొరుగూరి రైతులతో కలిసి చేసినవే. కొండపి మెట్టలో నేల కింద ఉన్నది గట్టి రాయి; ఆ రాతి పగుళ్లలోకి దిగిన వాన నీరే మన బోర్లకూ వారి బోర్లకూ ఆధారం. ఆ పగుళ్లు ఊరి పొలిమేరలను బట్టి ఏర్పడినవి కావు కనుక, ఒక ఊరు ఎంత పొదుపు పాటించినా రెండో ఊరు కొత్త బోర్లు వేసుకుంటూ పోతే ప్రయోజనం ఉండదని కార్యవర్గం అభిప్రాయపడింది.

ఇరుగుపొరుగు దేశాలు ఇదే చిక్కును ఎలా పరిష్కరించుకున్నాయో తెలుసుకునేందుకు అధ్యయన సమావేశాలు ఏర్పాటు చేశాము. వీటిలో సభ్యులను ఎక్కువగా ఆకట్టుకున్నది స్విట్జర్లాండ్‌లోని జెనీవా ప్రాంతానికీ, సరిహద్దుకు అవతల ఉన్న ఫ్రాన్స్ ప్రాంతానికీ మధ్య 1978లో కుదిరిన ఒప్పందం. రెండు వైపులా విచ్చలవిడిగా తోడడంతో 1960, 70 దశకాల్లో అక్కడి నీటిమట్టం 7 మీటర్లకు పైగా పడిపోయింది. అప్పుడు ఆర్వ్ నది నీటిని శుభ్రపరచి భూమిలోకి ఇంకించే కేంద్రాన్ని నిర్మించి, బావులకు మీటర్లు పెట్టి, ఎవరు ఎంత తోడితే దాన్నిబట్టి ఇంకించే ఖర్చు పంచుకునేలా నియమం చేసుకున్నారు. ముప్పై ఏళ్ల గడువు తీరాక, 2008 నుంచి దాన్ని కొత్తగా కుదుర్చుకున్నారు కూడా. వరదలో నది బురదగా పారేటప్పుడు అక్కడ నీటిని లోపలికి వదలరన్న సంగతి మనకు ప్రత్యేకంగా పనికొచ్చింది. మన ఇంకుడు గుంతలు రెండు వానలకే ఒండ్రు పట్టి పూడిపోతున్నాయి కాబట్టి, ఈ ఏడాది తవ్విన గుంతలన్నింటికీ ముందు కంకర, ఇసుక పరిచిన వడపోత తొట్టెలు కట్టించాము.

ఈజిప్టు, లిబియా, సూడాన్, చాద్ దేశాల కింద ఉన్న నుబియా ఇసుకరాతి భూగర్భ జలాశయంలోకి కొత్తగా ఇంకే నీరు దాదాపు లేదు. అది వేల ఏళ్ల నాటి నీరు. ఆ నాలుగు దేశాలూ 2000లో ముందుగా కొలతల సమాచారం ఇచ్చిపుచ్చుకునేందుకు ఒప్పుకొని, ఉమ్మడి కార్యాచరణ ప్రణాళికపై 2013లో సంతకాలు చేశాయి. జోర్డాన్, సౌదీ అరేబియాలు 2015లో సరిహద్దు వెంబడి కొంత ప్రాంతంలో నీరు తోడడాన్నే ఆపాలని నిర్ణయించుకున్నాయి.

మన దేశం సంగతికి వస్తే, ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ భూగర్భ జలం తోడుతున్నది మనమే. సింధూ జలాల ఒప్పందం 1960లో, బంగ్లాదేశ్‌తో గంగా జలాల ఒప్పందం 1996లో జరిగినా, అవి నదుల్లో పారే నీటినే పంచాయి. ఆ మైదానాల కింద ఉన్న ఉమ్మడి నీటిని పంచలేదు. ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 2008లోనే సరిహద్దులు దాటి విస్తరించిన భూగర్భ జలాశయాలపై ముసాయిదా సూత్రాలను సభ్యదేశాల ముందుంచింది కనుక, ఈ లోటు ఇంకా కొనసాగడం విచారకరమని మేము భావిస్తున్నాము.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ కొలతే ఒప్పందానికి పునాదిగా కనిపించింది. అందువల్ల రెండు ఊళ్లలోనూ కొన్ని బోర్లను పరిశీలనకు ఎంచుకొని, తెల్లవారుజామున మోటార్లు వేయకముందే కేసింగ్ మూత తీసి టేపు వదులుతున్నాము. చివర ఉన్న సెన్సారు నీటిని తాకి బీప్‌మనగానే అంకెను ఇద్దరు చదువుతారు. ఒకరు మన ఊరివారు, ఒకరు పొరుగూరివారు. ఇద్దరూ సంతకం పెట్టాకే అది రిజిస్టరులోకి ఎక్కుతుంది. మొదట్లో పరస్పరం ఉన్న అనుమానాలు ఈ ఉమ్మడి సంతకంతోనే చాలావరకు తగ్గాయి. బోరు లోతు చెప్పడానికి వెనకాడినవారు ఇప్పుడు తామే ముందుకు వస్తున్నారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాము.

వాగుకు ఇరువైపులా కొత్త బోర్లు వేయకుండా కొంత మేర విడిచిపెట్టాలనీ, మే, నవంబరు నెలాఖరుల కొలతలను చూసి రబీలో ఏ పైరు ఎంత వేయాలో రెండు ఊళ్లూ కలిసి నిర్ణయించుకోవాలనీ, వడపోత తొట్టెల ఖర్చును తోడే నీటిని బట్టి పంచుకోవాలనీ కోరే తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం బోరుకు అనుమతి తప్పనిసరే అయినా, దరఖాస్తు పెట్టుకునే ముందే రెండు సంఘాలకూ తెలియజేయడం మంచిదని మా విన్నపం. బోరు ఉన్న ప్రతి సభ్యుడూ దాని లోతు, మోటారు హార్స్‌పవర్, దాని కింద సాగయ్యే విస్తీర్ణం రాసుకొని సమావేశానికి రావలసిందిగా కోరుతున్నాము.