'న్యూరాలజిస్టుని సంప్రదించండి' అనేస్తే అయిపోయిందా?

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం డిమెన్షియా మీద, అంటే జ్ఞాపకం, ఆలోచన, ప్రవర్తన క్రమంగా చెడిపోయే జబ్బు మీద, మీరు వేసిన అరపేజీ వ్యాసం చూసిన రోజే రాయాలనుకున్నాను. ఆ జబ్బున్న మనిషి ఇంట్లో ఉంటే అనుకున్నప్పుడు కూర్చుని రాయడం కుదరదు, అందుకే ఇప్పటికి తెమిలింది. మా అక్కది లూయీ బాడీ డిమెన్షియా, మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ ముద్దలుగా పేరుకుని వచ్చే రకం. ఆ పేరు మీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా కిటికీలోంచి బయటికి చూస్తున్న ఒక ముసలాయన ఫొటో, 'వయసుతో వచ్చే మతిమరుపు' అనే శీర్షిక, గళ్ళనుడికట్టు నింపితే మెదడు పదునెక్కుతుందన్న ఉచిత సలహా, చిట్టచివర 'లక్షణాలు కనిపిస్తే న్యూరాలజిస్టుని సంప్రదించండి' అని ఒక్క ముక్క. చిత్తం, సంప్రదిస్తాం. ఎవరిని, ఎప్పుడు, ఏం పట్టుకెళ్ళి?

ముందు ఆ శీర్షిక సంగతి. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, నిజమే. అంతమాత్రాన ఇది ముసలితనంలో మామూలే అనుకోవడానికి లేదు. అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1906లో తోటి వైద్యుల ముందు పెట్టిన మొట్టమొదటి కేసు, తర్వాత ఆయన పేరే పెట్టిన అల్జీమర్స్ అనే డిమెన్షియా రకానిది. ఆ రోగి అగస్ట్ డీటర్ అనే ఆవిడ, ఆసుపత్రిలో చేరేనాటికి ఆవిడ వయసు 51. మన పత్రికలు మాత్రం ఇంకా తెల్లజుట్టు బొమ్మ దగ్గరే ఉన్నాయి. బిల్లు కట్టడం ఒకసారి మరిచిపోయామంటే అది మతిమరుపు. ఏళ్ళ తరబడి తానే కడుతున్న బిల్లుని ఎలా కట్టాలో తెలియక మనిషి కాగితం పట్టుకుని కూర్చుండిపోతే అది వేరే విషయం. ఈ తేడా చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. ఆ చోటు కూడా గళ్ళనుడికట్టుకే ఇచ్చేశారు!

పైగా మరిచిపోవడం ఒక్కటే లక్షణమన్నట్టు రాశారు. మా అక్కకి జ్ఞాపకం దెబ్బతినడం చాలా తర్వాతి సంగతి. ముందు నిద్రలో కేకలు వేసి చేతులు విసిరేది. తర్వాత గది మూల ఎవరో పిల్లలు కూర్చున్నారనేది. పొద్దున చక్కగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి అయోమయంలో పడేది, నడక మందగించింది. మెదడు ముందుభాగం, పక్కభాగాలు దెబ్బతినే ఫ్రంటోటెంపొరల్ అనే రకంలో అయితే మొదట చెడేది ప్రవర్తన, లేదా మాట. ఎక్కువగా 45, 65 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు పొగరనుకుంటారు, ఆఫీసువాళ్ళు మెమో ఇస్తారు. పక్షవాతం తర్వాత మెదడు రక్తనాళాల వల్ల వచ్చే రకం ఇంకొకటి. మొత్తం కేసుల్లో అల్జీమర్స్ వాటా 60 నుంచి 70 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగతావాళ్ళ గురించి ఎవరు రాస్తారు?

రకం తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి అనేవాళ్ళకి ఒక మాట. ఆ పిల్లలు కనిపించడం తగ్గాలని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట అక్కకి హాలోపెరిడాల్ అనే మానసిక రోగాల మందు ఇచ్చారు. లూయీ బాడీ ఉన్నవాళ్ళకి ఆ తరహా మందులు ప్రాణం మీదికి తేగలవు. తెల్లారేసరికి మనిషి కొయ్యబారిపోయింది, గుటక మింగలేకపోయింది. జబ్బు పేరు కేస్ షీటు మీద మొదటి లైనులోనే ఉంది! డ్యూటీ డాక్టర్ని అడిగితే 'పెద్దావిడ కదండీ' అన్నాడు. ఏం జరిగినా ఈ దేశంలో అయినా, ఏ దేశంలో అయినా చెప్పే జవాబు అదే కాబోలు.

సరే, మీరు రాయనిది నేను రాస్తాను. కత్తిరించకుండా వెయ్యండి. అందరూ తిన్నగా న్యూరాలజిస్టు దగ్గరికే పరిగెత్తనక్కర్లేదు. రోజూ చూసే డాక్టరు దగ్గర బి12, థైరాయిడ్ పరీక్షలతో మొదలుపెట్టొచ్చు. ఆయన ముందు వాడుతున్న మందులన్నీ పరచాలి. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు, మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చే కొన్ని మందులు పెద్దవాళ్ళ బుర్రని మొద్దుబారుస్తాయి. డిప్రెషన్ కూడా అచ్చం డిమెన్షియాలాగే కనిపించగలదు. ఎప్పుడో తలకి తగిలిన చిన్న దెబ్బకి వారాల తర్వాత లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నడక, మూత్రం ఆపుకోలేకపోవడం, ఆలోచన మందగించడం, ఈ మూడూ కలిస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. 1965లోనే వైద్యపత్రికలకెక్కిన జబ్బు అది, ఆ నీటిని గొట్టంతో మళ్ళించే షంట్ ఆపరేషన్‌తో చాలామంది తేరుకుంటారు. ఇవన్నీ చూడకుండా 'వయసు కదా' అన్నవాళ్ళ ఫీజు వెనక్కి అడగాలి. ఇంకొకటి: అయోమయం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ముంచుకొస్తే అది డిలీరియం కావచ్చు. ఇన్ఫెక్షనో, మందుల వికటింపో ఉంటుంది. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి తీసుకుపోవాలి.

65 ఏళ్ళలోపే మొదలైనా, నెలల్లో దిగజారిపోతున్నా, వణుకో బిగుసుకుపోవడమో లేనివి కనిపించడమో ఉన్నా న్యూరాలజిస్టు చూసి తీరాలి. అయితే న్యూరాలజిస్టులందరూ ఒకటి కాదు. ఒకరిది మూర్ఛ, ఒకరిది పక్షవాతం, ఒకరిది తలనొప్పి. జ్ఞాపకశక్తి రోగుల్ని తరచుగా చూస్తారా, మెమరీ క్లినిక్ ఉందా అని ఫోన్‌లోనే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. వృద్ధుల వైద్య నిపుణులూ, సైకియాట్రిస్టులూ కూడా ఈ జబ్బు చూస్తారు. వెళ్ళేటప్పుడు రోగితో ఒకే ఇంట్లో ఉండే మనిషి వెంట ఉండాలి. పండక్కి వచ్చిపోయే కొడుకు ఏం చెబుతాడు? ఏది ముందు చెడింది, ఎప్పటినుంచి, అన్నది కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. కళ్ళజోడు, చెవి మిషను మరవకండి. అక్కడ ప్రశ్నలడిగి జ్ఞాపకశక్తికి మార్కులు వేస్తారు, ప్రశ్న వినపడక జవాబు చెప్పకపోతే అది కూడా మార్కుల్లో కోత పడుతుంది. చదువు తక్కువైనవాళ్ళకీ ఆ పరీక్షల్లో మార్కులు తగ్గుతాయి, డాక్టరుకి ముందే చెప్పాలి. ఏ రకమని అనుమానం, ఎందుకు, ఏ మందులు ముట్టకూడదు, ఈ మూడూ అడక్కుండా లేవకండి. స్కాన్ ఫిల్ము ఒక్కటే వెలుతురులో పెట్టి చూసి, రోగిని పలకరించకుండా మందులు రాసేసేవారైతే ఇంకొకరిని వెతుక్కోండి. స్కాన్ ఒక్కదానితో ఈ జబ్బు తేలదు.

'కొత్త మందు వచ్చేసింది' అని బాక్సు కట్టి మరీ వేశారు కదా, దాని గురించీ చెప్పాలి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ తొలిదశ అల్జీమర్స్‌కే, అదీ మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని ఉందని పరీక్షలో తేలినవాళ్ళకే. మెదడు వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఎమ్మారైలు తీస్తూ ఉండాలి. అది జబ్బుని కాస్త నెమ్మదింపజేస్తుంది, నయం చెయ్యదు. మీ బాక్సు చదివి ఎంతమంది ఆశపడ్డారో! గళ్ళనుడికట్టు బదులు 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పిన, ఈ జబ్బు ముప్పుని పెంచే 14 కారణాలు వేసి ఉండాల్సింది. చెవుడు, చూపు మందగించడం, బీపీ, షుగరు, పొగతాగడం, ఒంటరితనం లాంటివి అందులో ఉన్నాయి. వాటన్నిటినీ సరిదిద్దుకోగలిగితే 45 శాతం దాకా కేసుల్ని ఆపడమో వాయిదా వేయడమో చేయొచ్చంటున్నారు. చెవి పరీక్ష చేయించుకోండి అని పత్రికలో చూసి ఎన్నేళ్ళయింది?

ఇక పాలకుల సంగతి. 2021 నాటికే ప్రపంచంలో 5.7 కోట్ల మందికి ఈ జబ్బుంది, ఏటా దాదాపు కోటి మంది కొత్తగా చేరుతున్నారు. 2025కల్లా నూటికి 75 దేశాలు డిమెన్షియాకి ప్రత్యేక విధానం తెచ్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సభ 2017లో తీర్మానించింది. ఆ లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాకుండానే గడువుని 2031కి జరిపారు. అల్జీమర్స్ దినమని సెప్టెంబరు 21న మాత్రం టోపీలు, బ్యానర్లు, నడకలు అన్నీ సమయానికే జరుగుతాయి. ఆ మర్నాడు మీ పత్రికలో ఫొటో వస్తుంది, అందులో రోగి ఒక్కరూ కనపడరు.

ఆ నడకల్లో ముందు వరసలో ఉండే అధికారుల కార్యాలయాలకే ఒక విలేఖరిని పంపి చూడండి. రోగి కదల్లేరని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపిస్తే, అది నిజమో కాదో తేల్చడానికి మనిషిని స్వయంగా తీసుకురమ్మంటారు. తీసుకెళ్తే, తన పేరు తానే చెప్పాలి, సంతకం పాతదానితో సరిపోవాలి అంటారు. అక్క ఆరోజు సంతకం పెట్టే చోట పువ్వు బొమ్మ గీసింది. గుమాస్తా ఫారం తిరస్కరించి, బాగైపోయాక మళ్ళీ రమ్మన్నాడు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు