కాళహస్తి నలుపు

తిరుపతి,
శుక్రవారం మధ్యాహ్నం

ఒరే మంత్రీ,

ముందే చెప్తా ఉండా, తిట్టబాకు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, జవాబు రాయలేదు, తప్పే. ఇంట్లో అందరూ బాగుండారు. అమ్మ మోకాలు అట్నే ఉంది, చిన్నోడు పది పాసయినాడు, తోతాపురికి ఈ యేడు కూడా రేటు లేదు. వార్తలు సమాప్తం. చెప్పుకోడానికి మనిషి లేక కడుపు ఉబ్బిపోయే సంగతి ఇంకోటుంది.

నలుపు దొరికిందిరా! ఎబొనీ అనే నల్లచెక్క కాదు. కాళహస్తి నలుపు.

నువ్వడిగిన పాతకాలం చదరంగం సెట్టు గురించే. 1849 మార్చి 1న లండన్‌లో నథానియెల్ కుక్ పేరుమీద నమోదైన నమూనా అది, తయారుచేసింది జేక్స్ కంపెనీ. పేరు మాత్రం స్టాంటన్‌ది, ఆయన ఆటగాడు. పనొకరిది పేరొకరిది, మన పెండ్లి పత్రికల మాదిరి. రాజు మూడున్నర అంగుళాలు, అంటే 89 మి.మీ. తెల్లవి బాక్స్‌వుడ్ (లేత పసుపు గట్టి చెక్క), నల్లవి ఎబొనీ. ఆ ఎబొనీ దగ్గరే వస్తుంది తంటా.

పాత సెట్టు యాడైనా చేతికి దొరికితే నల్లరాజును తిరగేసి చూడు. అడుగున అంటించిన ఫెల్టు గుడ్డ అంచు నుంచి వెంట్రుకంత గీత పైకి పాకి ఉంటుంది. తెల్లరాజుకి అది అంతగా కనపడదు. బరువు కోసం అడుగున సీసం పెడతారు గదా, మెలిక అక్కడ. ఎబొనీ లోపలి దాకా ఆరాలంటే ఏండ్లు పడుతుంది. ఆరేకొద్దీ చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, పొడుగులో దాదాపు ఏమీ తగ్గదు. సీసం మాత్రం కుంచించుకోదు. భోజనం తర్వాత బెల్టు వదులు చేయకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా! (అరుణమ్మ పెండ్లి గుర్తుందా? సరే సరే, రాయను.) మన దగ్గర ఇంకా ఘోరం. మే నెలలో గాలి నిప్పు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన తేమ. ఒక్క యేడులోనే చెక్క ఉబ్బుతుంది, బిగుస్తుంది, మళ్ళీ ఉబ్బుతుంది. ఆ సాగదీతకి ఎబొనీ తట్టుకోదు.

అందుకే సీసాన్ని కరిగించి బెజ్జంలో పోయడం మహాపాపం. చెక్క లోపల మాడుతుంది, సీసం చల్లారినాక కుంచించి గలగలలాడుతుంది. ఆ ఆవిరి పీల్చడం వేరే రోగం. ముందే పోసిన బిళ్ల వాడాలి. బెజ్జం వెడల్పు 16 మి.మీ., లోతు 15, బిళ్ల వెడల్పు 15. అంటే చుట్టూ అర మి.మీ. సందు. ఆ సందులో తేనెమైనం రొంత గుగ్గిలంతో కలిపి నింపితే చెక్క కదలడానికి జాగా ఉంటుంది. బిళ్ల దాదాపు 30 గ్రాములు తూగుతుంది. గట్టి జిగురుతో అంటిస్తే మళ్ళీ బెల్టు కథే. సీసం ముట్టినాక చేతులు కడుక్కోకుండా టిఫినుకి కూర్చోకు, నీ సంగతి నాకు తెలుసు.

ఇంత చేసినా ఎబొనీకి గ్యారంటీ లేదు. పాతరోజుల్లో చవక సెట్లకి బాక్స్‌వుడ్‌నే నల్లరంగు వేసి సరిపెట్టేవాళ్ళు. ఆ దోవ పట్టుకోవచ్చు గదా అనిపించింది గాని, అంగట్లో దొరికే నల్ల స్టెయిన్ రెండేండ్లకి ఊదారంగు తిరుగుతుంది. అప్పుడు తట్టింది... మన కాళహస్తి కలంకారీ గుడ్డ మీది నల్లగీత ఉతికినా పోదు గదా! అదేం రంగు? తుప్పుబట్టిన ఇనుము బెల్లం నీళ్ళలో పులిస్తే వచ్చే నల్లనీళ్ళు. గుడ్డను ముందే కరక్కాయలో ముంచి ఉంటారు. కరక్కాయలో ఉండే వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. మన తాతలకాలం సిరా కూడా అట్లాంటిదే. బాక్స్‌వుడ్‌లో వగరు తక్కువ, కాబట్టి చెక్కకీ ముందు కరక్కాయ పెట్టాలి. అంతే కిటుకు!

చేసే పద్ధతి రాసుకో. మట్టికుండలో లీటరు నీళ్ళు, 100 గ్రాముల బెల్లం, పావుకిలో తుప్పు మేకులు. నూనె జిడ్డు ఉంటే ముందే కడిగేయి. మూత బిగించబాకు, పులిసి గ్యాస్ వస్తుంది, గుడ్డ కట్టు. పదిహేను ఇరవై రోజులకి పుల్లటి వాసన తేలిపోయి నీళ్ళు ముదురు రంగు తిరుగుతాయి. రెండుసార్లు వడగట్టు, నలుసు మిగిలితే చెక్క మీద చుక్కగా మిగులుతుంది. ఇంకో పక్క కరక్కాయ పెచ్చు 50 గ్రాములు నలగ్గొట్టి అరలీటరు నీళ్ళలో రాత్రంతా నానేసి వడగట్టు.

లేత్ మీద పని అయినాక, సీసం పెట్టకముందే రంగు వేయాలి. తర్వాత వేస్తే నీళ్ళు బెజ్జంలోకి దిగి అడుగు ఉబ్బుతుంది. ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిచ్చి, లేచిన నూగును 400 నంబరు శాండ్ పేపర్‌తో తీసేయి. ఇది మానేస్తే రంగు వేసినాక నూగు లేస్తుంది, అప్పుడు రుద్దితే పసుపు బయటపడుతుంది. తర్వాత కరక్కాయ నీళ్ళు రెండుపూతలు, ఒకరోజు ఆరబెట్టు. ఆపైన నల్లనీళ్ళు. మొదటి పూతకి బూడిదరంగు వస్తుంది, భయపడి కుండ పారబోయబాకు! గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. అరగంట ఆగి రెండో పూత. ఆరినాక కూడా బొగ్గుపొడి రాసినట్టు పేలవంగానే ఉంటుంది. లక్కరేకులు స్పిరిట్‌లో కరిగించి ఒక్కచేయి పూసి చూడు, అబ్బా, ఆ నలుపు లోపలినుంచి లేస్తుందిరా!

తప్పులు యాడ జరుగుతాయంటే, బూడిదరంగు దగ్గరే నిలిచిపోతే కరక్కాయ చాల్లేదని అర్థం. రాజు నెత్తి, అడుగు లాంటి కొస భాగాలు నీళ్ళు ఎక్కువ తాగుతాయి, ఆడ బ్రష్ పొడిగా పట్టాలి. తెల్ల సైన్యాన్ని ఆ బల్ల మీద పెట్టనేకూడదు. ఒక్క చుక్క చిందినా, తడి చెక్కకి ఇనుపరజను తగిలినా మచ్చ పడుతుంది, పోదు. ఇంకోటి, ఈ నలుపు పైతోలే. మంత్రి కిరీటం పళ్ళు రాలితే లోపల పసుపు కనపడుతుంది. పాత జేక్స్ సెట్లలో రాజు పక్క ఏనుగుకీ గుర్రానికీ చిన్న కిరీటం ముద్ర ఉంటుంది, ఏది రాజు వైపుదో తెలియడానికి. ఆ ముద్ర రంగుకి ముందే కొట్టాలి, తర్వాత కొడితే తోలు చిట్లుతుంది.

నువ్వడిగిన ఎర్రచందనం సంగతా... దండం పెడతా, ఆ పేరు ఉత్తరంలో కూడా రాయబాకు. శేషాచలం కింద కూర్చుని, అనుమతి కాగితం లేకుండా అరడుగు ముక్క దగ్గర పెట్టుకున్నా నా ఆటకట్టు. ఎరుపే కావాలంటే పడౌక్ అనే చెక్క ఉంది, ఎర్రచందనానికి చుట్టమే. అయితే దాని పొడి పక్కనున్న బాక్స్‌వుడ్‌ను గులాబీ చేస్తుంది, వెలుతురుకి అది కూడా గోధుమరంగు తిరుగుతుంది. కరుంగాళి (ఎబొనీకి అరవపేరు) అని బజార్లో అమ్మే దండల గురించి అడిగావే, నవ్వొచ్చింది. నల్లగా ఉన్నదంతా ఎబొనీ అయితే నేనూ ఎబొనీయే.

ఇంక గుర్రం. దీని గురించే నాలుగు పేజీలు రాయాలనుకున్నా. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉండే, గ్రీసు గుడి పార్థెనాన్ రాతిగుర్రం పోలిక దానిది. తల వేరే చెక్కి అడుగుకి కుసితో (బెజ్జంలో దిగే కొసతో) అతికిస్తాం. చెక్క నార నిలువుగా ఉంటుంది కాబట్టి మూతి నారకి అడ్డంగా వస్తుంది, అందుకే చెవులూ ముక్కూ ముందు విరుగుతాయి. మూతి కింద రొంత కండ వదలాలి, పలచన చేస్తే మన మేకపిల్లే. (నువ్వు తప్ప ఎవరూ దాన్ని గుర్రమనలేదు, మర్చిపోలేదు.) జూలు గీతలు రంగుకి ముందే పదునుగా ఉండాలి, ఎందుకంటే లక్క పడినాక అవి సగం పూడిపోతాయి. దంతాల దగ్గర మాత్రం

పోస్టాఫీసు నాలుగింటికి మూసేస్తారు, మూడున్నరయింది. గుర్రం మిగతాది వచ్చే ఉత్తరంలో. నల్లబంటు ఒకటి దూదిలో చుట్టి ఇందులోనే పెడతా ఉండా, గోరుతో గీకి చూసి రాయి.

నీ
బంటు