నా పరీక్ష రాసిపెట్టిన చెల్లికి, వెనక నిలబడ్డవాళ్లకి

బి.ఏ. రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. అన్ని పేపర్లూ గట్టెక్కాను, తెలుగులో మార్కులు బాగానే పడ్డాయి. అభినందనలు చెప్పిన అందరికీ థాంక్స్. కానీ వాటిలో సగానికి పైగా వేరేవాళ్లకి చెందాలి, అందుకే ఈ పోస్టు.

నేనెవరో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నాకు సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పుడు కామెర్లు ముదిరి, మెదడులో కదలికల్ని అదుపుచేసే భాగం దెబ్బతింది. అంటుకునేది కాదు, ఏటేటా ముదిరేదీ కాదు. చేతులు, మూతి నా మాట వినవు, అంతే. టెన్షన్ పడితే అస్సలు వినవు. పరీక్షలంటే మరి టెన్షనేగా!

ముందుగా భవిత కేంద్రం (వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ప్రభుత్వం నడిపేది) సార్‌కి నమస్కారాలు. స్క్రైబ్ (నేను చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) కావాలని దరఖాస్తు పెడితే ఒక ఆఫీసులో "చూపు లేనివాళ్లకే ఇస్తాం" అని తిప్పి పంపారు. సార్ కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింటు తీయించి, సెరిబ్రల్ పాల్సీ అని ఉన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి తీసుకెళ్లారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉన్న సెరిబ్రల్ పాల్సీవాళ్లు అడిగితే స్క్రైబ్‌ని ఇవ్వాలి, గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి అని అందులో ఉంది. అంటే మూడు గంటల పేపర్‌కి నాలుగు గంటలు. సార్ గొంతు పెంచలేదు. కాగితం బల్ల మీద పెట్టి, సంతకం పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఇక మా స్క్రైబ్ చెల్లి. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్న పిల్ల. రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి నా మాట అలవాటు చేసుకుంది. నేనొక వాక్యం మొదలుపెడితే చాలామంది జాలిపడి వాళ్లే పూర్తిచేసేస్తారు. కొందరు అర్థం కాకపోయినా తల ఊపేస్తారు, అది ఇంకా కష్టం. ఈ పిల్ల పెన్ను కాగితానికి ఆనించి ఊరుకునేది. "అన్నా, అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అని మొహమాటం లేకుండా అడిగేది. మూడోసారి కూడా విసుక్కోకుండా.

తెలుగు పేపర్లో గణవిభజన వచ్చింది. ఇంటర్లో మార్కుల కోసం అందరిలాగే తనూ సంస్కృతం తీసుకుంది, ఛందస్సు ఒక్క ముక్క రాదు. వచ్చినా నేను చెప్పిందే రాయాలనుకోండి. ఉత్పలమాల, పాదానికి 20 అక్షరాలు. భగణంతో మొదలు: గురువు, లఘువు, లఘువు. తంటా ఏమిటంటే, నా నోట్లో పడితే లఘువు కూడా సాగి సాగి గురువైపోతుంది! చివరికి ఇన్విజిలేటర్ మేడమ్‌ని అడిగి, ఒకసారి కళ్లు మూస్తే లఘువు, రెండుసార్లు మూస్తే గురువు అనుకున్నాం. పాదం పూర్తయ్యేసరికి ముగ్గురం నవ్వుతున్నాం.

ఆ మేడమ్‌కీ దండాలు. నా గొంతు ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతోందని గమనించి, మే నెల మధ్యాహ్నం తనే లేచి ఫ్యాన్ ఆపేశారు. ఆ తర్వాత పేపర్ అయ్యేదాకా పమిటతో విసురుకుంటూ కూర్చున్నారు.

ఆటో బాబాయ్ "ఎన్నింటికి రమ్మంటావు?" అని పక్కనున్న అమ్మని కాకుండా నన్నే అడుగుతాడు, జవాబు వచ్చేదాకా ఇంజన్ ఆపి మరీ. అమ్మకి ఇక్కడ థాంక్స్ చెప్తే తంతుంది, కాబట్టి చెప్పడం లేదు.

ఇప్పుడు ఒక సహాయం కావాలి. స్క్రైబ్‌ని మనమే తెచ్చుకుంటే వాళ్ల చదువు మనకంటే ఒక మెట్టు కింద ఉండాలని ఆ 2018 మార్గదర్శకాల్లో ఉంది. చెల్లి వచ్చే ఏడాది డిగ్రీలో చేరుతోంది, అప్పట్నుంచి నాకు రాయడం కుదరదు. తెనాలి చుట్టుపక్కల ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. దస్తూరీ మామూలుగా ఉన్నా ఫర్వాలేదు, తొందరపడనివాళ్లయితే చాలు. సంస్కృతం తీసుకున్నా పర్లేదు, గణాల సంగతి నేను చూసుకుంటాను.