జెనీవా వెళ్లే ప్రతినిధి బృందానికి చెన్నై నుంచి బహిరంగ లేఖ

కేంద్ర కార్మిక శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారాలు. 2011 జూన్‌లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశంలో, ఇంటిపని కార్మికుల హక్కుల కోసం తెచ్చిన 189వ ఒడంబడికకు భారత ప్రభుత్వం అనుకూలంగా ఓటు వేసింది. అంట్లు తోమి బతికే ఆడవాళ్లు, వారి సంఘాలు ప్రభుత్వ ప్రతినిధులను కలిసి, వివరించి ఒప్పించిన ఫలితమే ఆ ఒడంబడిక. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు, అంటే దానికి కట్టుబడతానని లాంఛనంగా ఒప్పుకోలేదు.

వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి అని అందులో స్పష్టంగా ఉంది. ఇక్కడ వేళచ్చేరి అపార్ట్‌మెంట్లలో పనిచేసే మా నెల్లూరు, చిత్తూరు ఆడపడుచులకు ఆదివారమే పని ఎక్కువ. జ్వరమొచ్చి ఒకపూట మానేస్తే జీతంలో కోత పడుతుంది. ఈ అన్యాయం మమ్మల్ని నిజంగా బాధిస్తోంది.

ఆ సంస్థ సమావేశంలో ప్రతి దేశం నుంచీ ప్రభుత్వానికి రెండు ఓట్లుంటాయి, కార్మికుల పక్షానికి ఒక్కటే. కనుక ఈసారి బయలుదేరే ముందే ఇంటిపని మహిళా సంఘాలను పిలిపించి మాట్లాడాలని, ధ్రువీకరణకు గడువు ప్రకటించాలని కోరుతున్నాం.

ఇట్లు,
చెన్నై తెలుగు మహిళలు కొందరు