ట్రైనీ టీచరు పాఠం వినేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

2030 నాటికి టీచరు ఉద్యోగానికి డిగ్రీ, బీఈడీ కలిపి చదివే నాలుగేళ్ల సమీకృత బీఈడీయే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. ఆ విధానాన్నే ఒప్పుకునేది లేదని తమిళనాడు ప్రభుత్వం అంటోంది. రాష్ట్ర హక్కుల విషయంలో నేను రాష్ట్రం పక్షమే. కానీ వాదనంతా కోర్సు ఎన్నేళ్లు, పెత్తనం ఎవరిది అన్న దగ్గరే తిరుగుతోంది. కాబోయే టీచరుకు పాఠం చెప్పడం ఎవరు నేర్పుతున్నారో పట్టించుకునేవాళ్లు లేరు.

ఏడాది బీఈడీ 2015 నుంచి రెండేళ్లయింది. 20 వారాలు బడిలోనే గడపాలని నిబంధన పెట్టారు. చెన్నైలో తెలుగు పిల్లల బడిలో పనిచేసి రిటైరైన నేను, ఆ వారాలు ఎలా గడుస్తాయో దగ్గరగా చూశాను. ట్రైనీ వచ్చిన రోజే సెలవులో ఉన్న టీచర్ల పీరియడ్లన్నీ ఆ అమ్మాయికి అప్పగిస్తారు. కాలేజీ లెక్చరరు ఎప్పుడో వచ్చి, రికార్డులో సంతకం పెట్టి వెళ్తారు. భిన్నాల పాఠం చెబుతుంటే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఎక్కడ తప్పిందో ఆమెకు చెప్పడానికి వెనక బెంచీలో ఎవరూ ఉండరు. ఇలాంటివి రెండేళ్లున్నా నాలుగేళ్లున్నా ఒకటే.

నాలుగేళ్ల కోర్సు కొత్తదీ కాదు. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో 1960ల నుంచే ఉంది. అక్కడి బలం ఆవరణలోనే ఉన్న బడి. దేశంలో సుమారు 90 శాతం శిక్షణ సంస్థలు ప్రైవేటువేనని టీచర్ల శిక్షణపై సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే చెప్పింది. వాటిలో ఎన్నింటికి అలాంటి బడి ఉంటుంది? ఫీజు కట్టించుకుని హాజరు వేసే కాలేజీల జోలికి వెళ్లడానికి ఏ పార్టీకీ మనసొప్పడం లేదు.

ఇక టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. సర్వీసు అయిదేళ్లకు పైగా మిగిలిన టీచర్లు రెండేళ్లలో పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తలలు నెరిసిన టీచర్లు గైడ్లు పట్టుకుని కూర్చుంటే నాకు బాధేస్తుంది. 150 మార్కుల బిట్ పేపరు క్లాసులో పాఠం ఎలా చెబుతారో చూడలేదు.

రాధాకృష్ణన్ గారు శిక్షణ పొందిన సైదాపేట కాలేజీ ఉన్న ఊరు మనది. బీఈడీ కాలేజీలకు అఫిలియేషన్ ఇచ్చే విశ్వవిద్యాలయం రాష్ట్రానిదే. 2025 ఆగస్టులో రాష్ట్రం సొంత పాఠశాల విద్యా విధానమూ ప్రకటించింది. కాబట్టి ఢిల్లీ వైపు చూడకుండా చేయగల పని ఒకటుంది. ప్రతి కాలేజీకీ ఫలానా బడులని ముడిపెట్టాలి. అక్కడి సీనియర్ టీచరుకు వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించి, ట్రైనీ పాఠం కూర్చుని వినే బాధ్యత ఇవ్వాలి. ప్రాక్టికల్ మార్కుల్లో ఆ టీచరు మాట చెల్లాలి. ఈ ఏర్పాటు లేని కాలేజీకి అఫిలియేషన్ పొడిగించకూడదు. తెలుగులో పాఠం చెప్పే ట్రైనీలను తెలుగు వచ్చినవాళ్లే పరిశీలించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పెరంబూరు, చెన్నై