చెమట ఒక్కటే కొలబద్ద కాదు

సంపాదకులకు నమస్కారం.

ఏ ఆట ఎక్కువ కష్టం అన్న మాట వచ్చినప్పుడల్లా చాలామంది ఎంత దూరం పరిగెత్తారు, ఎంత చెమట పట్టింది అనే చూస్తారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

మారథాన్‌లో 42.195 కిలోమీటర్లు పరిగెత్తడం మామూలు విషయమా? కాదు. అలాగని టేబుల్ టెన్నిస్‌ను కాలక్షేపం ఆటగా తీసిపారేస్తే ఊరుకోలేను. ఆ బంతి బరువు 2.7 గ్రాములే. ఎదుటివారి బ్యాట్ ఏ కోణంలో తగిలిందో చూసి, స్పిన్ పసిగట్టి, అడుగు మార్చి, మణికట్టు తిప్పాలి. అంతా రెప్పపాటులో అయిపోవాలి.

మంచు మీద స్కీయింగ్, తుపాకీతో గురి కలిసిన బయాథ్లాన్ ఆటను చూస్తే నైపుణ్యాన్నీ దమ్మునూ విడదీయలేమని తెలుస్తుంది. మంచు మీద స్కీలతో రొప్పుతూ వచ్చిన మనిషి వెంటనే 50 మీటర్ల దూరంలోని లక్ష్యాలను కొట్టాలి. పడుకుని కాల్చేటప్పుడు ఒక్కో లక్ష్యం వ్యాసం 45 మిల్లీమీటర్లు. గుండె దడదడలాడుతుంటే తుపాకీ కూడా కదులుతుంది. అందుకే ఊపిరిని అదుపులో పెట్టుకుని, ఆ కాస్త నిలకడలోనే ట్రిగ్గర్ నొక్కాలి. కొన్ని పోటీల్లో గురి తప్పిన ప్రతిసారీ 150 మీటర్ల అదనపు చుట్టు తప్పదు. ఆ టెన్షన్‌ను ఏ ఫిట్‌నెస్ పరీక్ష కొలుస్తుంది?

ఈత కొలనులో బంతితో ఆడే వాటర్ పోలో వాళ్లయితే, గోల్‌కీపర్ తప్ప, అడుగున కాలు ఆనించకుండానే ఆడాలి.

మీ క్రీడా పేజీలో స్కోర్లతో పాటు ఒక్కో ఆటలో శరీరం, బుర్ర ఎలా పనిచేస్తాయో వారానికొకసారైనా రాయండి. ఆటలు నేర్చుకునే పిల్లలు దాన్ని తప్పకుండా చదువుతారు.

— ఒక పాఠకుడు